కరవు నేలలో నమ్మకం నాటిన కాటన్ దొర

గోదావరీ స్నానానికి వెళ్ళినప్పుడు రేవు మెట్ల మీద పురోహితుని చెంత మీరు సంకల్పం చెప్పుకొనే ఉంటారు. దేశకాలాలు, తిథివార నక్షత్రాలు, గోత్రనామాలు వరుసగా వస్తాయి. గోదావరిని భువికి తెచ్చిన గౌతమ మహర్షిని తలచుకొంటాం. గంగను దివి నుండి దింపిన భగీరథుని తలచుకొంటాం. గోదావరి తీరంలో కొందరు పురోహితులు మాత్రం వీరితోపాటు మరొక పేరును కూడా స్మరిస్తారు. ఆ పేరు ఋషిది కాదు, రాజుది కాదు, మన దేశస్థునిది కూడా కాదు. సముద్రాలకు ఆవల పుట్టి, బైబిలును పవిత్ర గ్రంథంగా భావించి, తుదిశ్వాస వరకు క్రైస్తవునిగానే జీవించిన ఒక ఆంగ్లేయ ఇంజనీరు పేరు అది. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల వారి నోట కాటన్ దొర.

పాఠక మహాశయులారా! ఒక్క క్షణం ఆలోచించండి. అన్యమతస్థుడు, పరదేశి, అందునా మన దేశాన్ని ఏలిన ఈస్టిండియా కంపెనీ కొలువులోని సైనికోద్యోగి. అటువంటి వ్యక్తి మన సంకల్పంలోకి ఎలా రాగలిగాడు? దండోరా వేయించి పన్ను కట్టించుకోవచ్చు. దండించి పని చేయించుకోవచ్చు. కాని స్నానఘట్టం వద్ద, చేతిలో నీళ్ళు పట్టుకొని ఉన్నవేళ, భక్తితో పేరు తలపించుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అది హృదయం ఇచ్చేది. ఇవ్వాలంటే ముందు నమ్మకం కుదరాలి. కష్టకాలంలో, కరవు నేల మీద, అనుమానాల నడుమ ఆ నమ్మకం ఎలా కుదిరిందో తెలిపేదే కాటన్ జీవితం.

నీటి పక్కన దాహం

ఈనాటి కోనసీమను చూసినవారికి ఆనాటి గోదావరి జిల్లా స్థితి ఊహకు అందదు. కొబ్బరి తోటలు, వరి మడులు, నిండుగా పారే కాలువలు ఆనాడు లేవు. ఏటా వర్షాకాలంలో గోదావరి ఉప్పొంగి వచ్చేది. ఊళ్ళను ముంచేది. పంటను ఊడ్చుకొని సముద్రంలో కలిసిపోయేది. వరద తీసిన తరువాత అదే నేల నెర్రెలు విచ్చేది. ఒడ్డున నది పారుతున్నా పొలానికి చుక్క నీరు ఎక్కేది కాదు. అతివృష్టికి ఒకసారి, అనావృష్టికి ఒకసారి, ఇలా రైతు రెండు విధాలా నష్టపోయేవాడు.

1833 ప్రాంతంలో వచ్చిన కరవును తెలుగువారు డొక్కల కరవు అన్నారు. ఆ పేరులోనే ఆనాటి మనిషి రూపం కనబడుతుంది. గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గోదావరి ప్రాంతం కూడా ఆ దెబ్బను తప్పించుకోలేదు. ఆ గాయం మానకముందే 1839లో తుపాను వచ్చింది. సముద్రం కట్టలు తెంచుకొని కోరంగి తీరం మీద పడింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7,38,000. 1841 నాటికి అది సుమారు 5,61,000కు పడిపోయింది. ఇరవై సంవత్సరాలలో పెరగవలసిన జనం దాదాపు నాలుగో వంతు తరిగిపోయారు. కొందరు మరణించారు, కొందరు ఊరు విడిచి వెళ్ళారు.

ఇంత జరుగుతున్నా శిస్తు వసూలు ఆగలేదు. పాత చెరువులను, కాలువలను బాగుచేయించే నాథుడు లేడు. అటువంటి రైతుకు ప్రభుత్వం మీద నమ్మకం ఎలా ఉంటుంది? దొర గుర్రమెక్కి వచ్చాడంటే కొలవడానికో, వసూలు చేయడానికో వచ్చాడని అర్థం. మేలు చేయడానికి వచ్చాడని చెబితే నమ్మేవారెవరు? కాటన్ అడుగుపెట్టింది ఈ అపనమ్మకంలోకి. ఈ సంగతి గుర్తుంచుకొంటేనే ఆయన సాధించిన దాని విలువ మనకు తెలుస్తుంది.

శిష్యునిగా మారిన అధికారి

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పెద్ద కుటుంబం, ఎందరో అన్నదమ్ములు. చిన్న వయసులోనే ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి ఇంజనీరింగు శిక్షణ పొందారు. 1821లో, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో మద్రాసు చేరారు. మొదట దక్షిణాది జిల్లాల చెరువుల పనులు చూశారు. పాంబన్ జలసంధిని సర్వే చేశారు. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చారు. ఆ తరువాత కావేరీ నది పనులు ఆయనకు అప్పగింపబడ్డాయి.

అక్కడ ఆయనకు ఒక గురువు దొరికాడు. ఆ గురువు మనిషి కాదు, ఒక కట్టడం. కావేరి మీద చోళరాజు కరికాలుడు కట్టించాడని ప్రసిద్ధి చెందిన కల్లణై ఆనకట్ట. శతాబ్దాలుగా వరదలకు ఎదురొడ్డి నిలిచిన ఆ కట్టడాన్ని కాటన్ శ్రద్ధగా పరిశీలించారు. లోతెరుగని ఇసుక మీద పునాది నిలబెట్టడం ఎలాగన్నది ఆనాటి ఇంజనీర్లకు పెద్ద చిక్కుముడి. పెద్ద పెద్ద రాళ్ళను ఇసుకలోకి దిగనిచ్చి, అవి దిగబడి స్థిరపడిన తరువాత వాటిపై మళ్ళీ రాళ్ళు పేర్చుకొంటూ పోతే ఆ ఇసుకే పునాదిని పట్టుకొంటుందని మన పూర్వులు ఏనాడో కనిపెట్టారు. ఆ విద్య తమకు ఈ దేశపు ప్రాచీనుల నుండి సంక్రమించిందని కాటన్ దాచుకోలేదు, బాహాటంగా చెప్పుకొన్నారు.

పాలకుడు పాలితుల ముందు శిష్యునిగా నిలబడడం ఎంత అరుదో మీకు తెలుసు. తనకు అన్నీ తెలుసునని వచ్చినవాని మాట జనం చెవిన పడుతుంది కాని మనసున పడదు. మీ తాతముత్తాతల నుండి నేర్చుకొన్నానని చెప్పినవాని మాట మనసుకు తాకుతుంది. నమ్మకానికి తొలి మెట్టు వినయమే కదా!

కావేరి నీరు క్రమంగా కొల్లిడం పాయలోకి మళ్ళిపోవడం వల్ల తంజావూరు పొలాలు ఎండిపోతున్న కాలమది. 1836లో కొల్లిడం మీద ఎగువన, దిగువన ఆనకట్టలు కట్టించి కాటన్ ఆ నీటిని తిరిగి కావేరికి మళ్ళించారు. తంజావూరు మళ్ళీ ధాన్యాగారమయింది. కాని ఎండలు, జ్వరాలు, విరామం లేని పని ఆయన శరీరాన్ని పీల్చివేశాయి. ఒకటికి రెండుసార్లు అనారోగ్యంతో సెలవు తీసుకొని దూరదేశాలకు వెళ్ళవలసి వచ్చింది. అలా టాస్మేనియా వెళ్ళినప్పుడే 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహం చేసుకొన్నారు.

ఆయన చదివిన గ్రంథం

యౌవనంలోనే కాటన్ మనసు దైవం వైపు మళ్ళింది. బైబిలు పఠనం, ప్రార్థన ఆయన నిత్యజీవితంలో భాగాలయ్యాయి. విశాఖపట్నంలో పనిచేసిన రోజుల్లో అక్కడ ఒక చర్చి నిర్మాణాన్ని కూడా చూసుకొన్నారు. నదుల మీద ఆయన చేసిన పనికీ, ఆయన భక్తికీ సంబంధం ఉంది. అది గ్రహించాలంటే ఆ గ్రంథంలోని రెండు కథలు మనం తెలుసుకోవాలి.

మొదటిది యోసేపు కథ. అసూయతో సోదరులే అతనిని బానిసగా అమ్మివేస్తారు. ఐగుప్తు దేశంలో చేయని తప్పుకు చెరసాల పాలవుతాడు. అయినా యజమాని ఇంట ఎలా నిజాయతీగా ఉన్నాడో, చెరసాలలోనూ అలాగే ఉంటాడు. చివరికి రాజు కన్న కలకు అర్థం చెప్పి, రాబోయే ఏడేళ్ళ కరవును ముందే గుర్తించి, పంట పండిన ఏడేళ్ళూ ధాన్యం నిలవ చేయించి దేశాన్ని కాపాడతాడు. ఆ కరవులో ధాన్యం కోసం వచ్చినవారు ఎవరు? తనను అమ్మిన సోదరులే. యోసేపు వారిని వెంటనే కౌగిలించుకోడు. ముందు పరీక్షిస్తాడు. కడగొట్టు తమ్మునికి ఆపద వచ్చినప్పుడు, వాని బదులు తాను బానిసగా ఉంటానని అన్న యూదా ముందుకు వస్తాడు. ఒకనాడు తమ్ముని అమ్మివేయమని సలహా చెప్పినవాడే మరొక తమ్ముని కోసం తనను తాను అర్పించుకోబోతాడు. అప్పుడు యోసేపు కంట నీరు ఆగదు. తెగిపోయిన నమ్మకం మళ్ళీ అతుక్కొన్నది క్షమాపణ మాటతో కాదు, ఇతరుని కష్టాన్ని తన మీద వేసుకొన్న చేతతో.

రెండవది నెహెమ్యా కథ. పారశీక రాజు కొలువులో సుఖంగా ఉన్న నెహెమ్యా, తన పూర్వుల పట్టణమైన యెరూషలేము ప్రాకారాలు కూలిపోయాయని విని కన్నీరు పెడతాడు. సెలవు తీసుకొని వస్తాడు. రాగానే ఉపన్యాసాలు చేయడు. కొద్దిమందితో రాత్రివేళ తిరిగి శిథిలాలను కళ్ళారా చూస్తాడు. ఆ తరువాతే జనాన్ని పిలుస్తాడు. ఎవరి ఇంటి ముందరి గోడను వారు కట్టుకొనేటట్లు చేస్తాడు. శత్రువులు ఎగతాళి చేస్తారు, బెదిరిస్తారు. ఇంతలో సొంత జనంలోనే కలవరం. ధనవంతులు వడ్డీలకు పేదల పొలాలను, బిడ్డలను లాగుకొన్నారని తెలుస్తుంది. నెహెమ్యా ఆ పొలాలను తిరిగి ఇప్పిస్తాడు. అధికారిగా తనకు రావలసిన భోజన భత్యాన్ని కూడా తీసుకోడు. యాభై రెండు రోజులలో గోడ పూర్తవుతుంది. పేదవాని పొలం తిరిగి రాకుంటే, అధికారి కంచంలో తమ చెమట కనబడుతుంటే ఆ జనం ఆ గోడను అంత వేగంగా కట్టేవారా?

కష్టం ఓర్పును పెంచుతుందని, ఓర్పు మనిషిని గట్టివానిగా తేలుస్తుందని, ఆ గట్టితనం నుండే ఆశ పుడుతుందని క్రైస్తవ అపొస్తలుడైన పౌలు తన లేఖలో బోధించాడు. చిన్న విషయంలో నమ్మదగినవాడే పెద్ద విషయంలోనూ నమ్మదగినవాడని ఏసు ప్రభువు శిష్యులకు చెప్పాడు. నిప్పులో కాలితేనే బంగారం మేలిమి తేలుతుందని మన పెద్దలు అన్నదీ ఇదే. మార్గాలు వేరైనా సత్యం వేరు కాదు.

మన రామాయణంలోనే చూడండి. రాజ్యం పోగొట్టుకొని, భార్యకు దూరమై ఋష్యమూక పర్వతం మీద తలదాచుకొన్న సుగ్రీవుడు, అదే దుఃఖంలో ఉన్న శ్రీరామునితో అగ్నిసాక్షిగా స్నేహం చేస్తాడు. అయినా వాలిని జయించగలడా అని అతని మనసులో సందేహం. రాముడు కోపగించుకోడు. దుందుభి కళేబరాన్ని కాలి బొటనవేలితో చిమ్ముతాడు. ఒక్క బాణంతో ఏడు సాలవృక్షాలను ఛేదిస్తాడు. దెబ్బతిన్నవానికి అనుమానం సహజమని, దానిని తీర్చవలసిన బాధ్యత బలవంతునిదేనని ఆ ఘట్టం మనకు నేర్పుతుంది. అపనమ్మకాన్ని అవమానంగా భావించనివాడే నమ్మకాన్ని పొందగలడు.

ధవళేశ్వరం కొండ కింద

1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ గోదావరి జిల్లా దుస్థితిని పరిశీలించి, నీటిపారుదల ఒక్కటే దీనికి మార్గమని, అందుకు అనుభవజ్ఞుడైన ఇంజనీరు కావాలని ప్రభుత్వానికి నివేదించారు. ఆ బాధ్యత కాటన్‌కు వచ్చింది. ఆయన కచేరీలో కూర్చొని పటాలు గీయలేదు. డెల్టా అంతా తిరిగారు. ఏ నేల మెరక, ఏ నేల పల్లం, వరద ఎక్కడికి వస్తుంది, నీరు ఎక్కడ నిలుస్తుంది అన్నది చూసుకొన్నారు. 1844లో, 1845లో నివేదికలు సమర్పించారు. ఈ జిల్లా దారిద్ర్యానికి ప్రజలు కారణం కాదని, దైవం ఇచ్చిన నీటిని వాడుకోకుండా సముద్రం పాలు చేస్తున్న పాలనే కారణమని ఆయన వాదన. తాను తింటున్న ఉప్పు కంపెనీదే అయినా ఆ మాట చెప్పడానికి ఆయన వెనుదీయలేదు.

1846లో లండన్ నుండి అనుమతి వచ్చింది. 1847లో పని మొదలయింది. ఎంచుకొన్న స్థలం ధవళేశ్వరం. జనార్దనస్వామి కొలువైన కొండ, దాని దగ్గర కావలసినంత రాయి, ఎదురుగా లంకల మధ్య నాలుగు పాయలుగా చీలిన గోదావరి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పేర్లతో నాలుగు భాగాలుగా ఆనకట్ట సాగాలి. రాతికట్టడం పొడవే సుమారు మూడున్నర కిలోమీటర్లు. లంకలతో కలిపి చూస్తే ఆ ఒడ్డు నుండి ఈ ఒడ్డుకు ఆరు కిలోమీటర్లకు పైమాటే. ఎత్తు మాత్రం పన్నెండు అడుగులు. నదిని బంధించడం ఆయన ఉద్దేశం కాదు, కాలువలకు ఎక్కేటంత ఎత్తుకు నీటిని లేపడమే. మిగిలిన వరద పైనుండి పొర్లి తన దారిన తాను పోతుంది.

నది అడుగున గట్టి నేల లేదు, ఉన్నదంతా ఇసుకే. ఇసుకలోకి నూతులు దింపి, వాటిపై గోడ లేపి, దిగువన రాళ్ళు పరచి, వరద కోతకు అవి దిగబడితే మళ్ళీ రాళ్ళు వేసి నిలబెట్టారు. కావేరి నేర్పిన పాఠం గోదావరికి అక్కరకు వచ్చింది. కొండ నుండి రాళ్ళు తేవడానికి పట్టాలు పరిచి వాటిపై బళ్ళు నడిపారు. వేలాది మంది కూలీలు పనిలో దిగారు. ఒక దశలో వారి సంఖ్య పదివేలకు చేరింది.

అంతమంది ఎలా వచ్చారు? ఇక్కడ ఒక తెలుగువానిని తలచుకోక తప్పదు. ఆయన వీణం వీరన్న. నీటిపారుదల శాఖలో పనిచేస్తూ, కాటన్‌కు కుడిభుజమై, కూలీలను సమకూర్చడంలో, పనిని నడిపించడంలో అహర్నిశలు శ్రమించిన వ్యక్తి. దొర భాష కూలీకి తెలియదు, కూలీ కడుపు దొరకు తెలియదు. ఆ ఇద్దరి మధ్య వారధి వీరన్న. తరువాత ప్రభుత్వం ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదునిచ్చి గౌరవించింది. వీరన్నను కాటన్ నమ్మారు. వీరన్నను నమ్మిన జనం కాటన్‌ను నమ్మారు. నమ్మకం దీపం వంటిది. ఒకటి వెలిగితే దానితో మరొకటి వెలుగుతుంది.

కాటన్ కూడా దూరాన ఉండి ఆజ్ఞలు పంపినవారు కారు. పని జరిగే చోటే బస చేశారు. ఎండలో కూలీలతోపాటు ఎండారు. ఫలితం 1848లో కనిపించింది. వడదెబ్బతో, అనారోగ్యంతో ఆయన మంచం పట్టారు. ఉన్నచోటనే ఉంటే ప్రాణానికే ముప్పు కనుక పనిని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వైపు వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళినవాడు మళ్ళీ రాకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. వయసు నలభై అయిదు దాటింది. ఆరోగ్యం చెడింది. పైనుండి ఖర్చుల గురించి నిత్యం ప్రశ్నలు. అయినా 1850లో ఆయన తిరిగి వచ్చారు. తమను చూడడానికి వచ్చిన దొరలు ఎందరో వెళ్ళిపోవడం చూసిన జనం, ప్రాణం మీదికి తెచ్చుకొని కూడా తిరిగి వచ్చిన ఒక దొరను అప్పుడు చూశారు. యూదా కథను ఒకసారి గుర్తుచేసుకోండి. తనకు నష్టం కలిగినా పట్టు విడవని చోటనే అనుమానం కరిగిపోతుంది.

1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. లాకులు కట్టారు. ధాన్యం బస్తాలతో పడవలు నడిచాయి. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా, నలభై తొమ్మిది కమానుల మీద నీటిని అక్విడెక్టు ద్వారా నాగరం లంకకు దాటించారు. లెఫ్టినెంట్ హేగ్ ఆ పనిని నడిపించారు. నదిపైన నది పారిన ఆ దృశ్యాన్ని చూసినవారికి ఏమనిపించి ఉంటుందో మీ ఊహకే వదిలివేస్తున్నాను. అటు విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట కూడా కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1855 నాటికి పూర్తయింది. దానికి ముందుండి వాదించినవారిలో కాటన్ ఒకరు.

బోనెక్కిన మేలు

మేలు చేసినవానికి మెచ్చుకోలే దక్కుతుందనుకొంటే పొరపాటు. గోదావరి ఆనకట్టకు మొదట వేసిన అంచనా అయిదు లక్షల రూపాయలకు లోపే. పని సాగేకొద్దీ ఖర్చు దానికి ఎన్నో రెట్లు పెరిగింది. రైలు మార్గాలే అభివృద్ధి అని నమ్మిన అధికారులకు, కాలువలే ఈ దేశానికి ప్రాణమని వాదించే కాటన్ కంటకమయ్యారు. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది కాని విమర్శ తగ్గలేదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి తవ్విన కర్నూలు–కడప కాలువ, దానిని చేపట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి నష్టాలనే మిగిల్చింది. ఆ కాలువ మీద కాటన్ పెట్టుకొన్న ఆశలు ఆ రోజుల్లో ఫలించలేదు. ప్రత్యర్థులకు అది ఆయుధమయింది. ఆయన లెక్కలన్నీ నిజమయ్యాయని మనం చెప్పనక్కరలేదు. నమ్మదగినవాడంటే ఏనాడూ పొరబడనివాడని అర్థం కాదు. పొరబడినప్పుడు ముఖం చాటేయనివాడని అర్థం.

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని మహాక్షామం కబళించింది. మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలు గాలిలో కలిసిపోయాయి. నలభై ఏళ్ళ క్రితం డొక్కలు కనబడిన గోదావరి డెల్టా ఈసారి తాను నిలబడడమే కాక ఆకలిగొన్న ఇతర జిల్లాలకు ధాన్యం పంపింది. పంట చేతికి వచ్చిన రైతుకు తర్కం అక్కరలేదు. దొర చెప్పినది నిజమని అతని గాదె చెప్పింది.

అదే సమయంలో లండన్‌లో ఏం జరిగిందో చూడండి. 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన కమిటీ, భారతదేశంలో ప్రజాపనుల మీద పెట్టిన ఖర్చును విచారించింది. డెబ్బై అయిదేళ్ళ కాటన్ ఆ కమిటీ ముందు కూర్చొని ప్రశ్నలకు సమాధానాలు చెప్పవలసి వచ్చింది. ఇక్కడ ఆయన కాలువ నీటితో అన్నం తింటున్న జనం ఆయనకు దండం పెడుతున్నారు. అక్కడ ఆయన స్వజనం ఆయనను నిలదీస్తున్నారు. నీరు ఉన్నచోట కరవు రాలేదన్న ఒకే ఒక్క సత్యాన్ని ఆయన చివరివరకు పట్టుకొన్నారు. చేయని నేరానికి చెరలో ఉన్న యోసేపును, ఎగతాళిని భరించిన నెహెమ్యాను చదువుకొన్న మనసు అది. దేవుని ఎదుట లెక్క సరిగా ఉంటే మనుషుల ఎదుట నిలబడడానికి భయమేమిటి?

చివరి రోజుల్లో ఆయన ఇంగ్లండులోని డార్కింగ్‌లో స్థిరపడ్డారు. ఎనభై ఏళ్ళు దాటిన వయసులో కూడా ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ, తక్కువ నేలలో ఎక్కువ పంట ఎలా తీయవచ్చునో ప్రయోగాలు చేశారు. పేదవాని ఆకలి ఆయనను వృద్ధాప్యంలోనూ విడువలేదన్నమాట. 1899 జులైలో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను వెలువరించారు.

మనకు మిగిలిన పాఠం

నేడు ధవళేశ్వరంలో పాత ఆనకట్ట చోట కట్టిన కొత్త బరాజ్‌కు కాటన్ పేరే పెట్టారు. సుమారు పది లక్షల ఎకరాలకు గోదావరి నీరు అందుతోంది. ధవళేశ్వరంలో ఆయన పేర ప్రదర్శనశాల ఉంది. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఊళ్ళలో ఆయన విగ్రహాలు కనబడతాయి. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద తెలుగు వైతాళికుల వరుసలో ఆయన కూడా నిలిచారు. మే 15న రైతులు దండలు వేస్తారు. పుష్కరాల వేళ కొందరు తమ పితృదేవతలతోపాటు ఆయనకు కూడా తర్పణం విడుస్తారు. శాస్త్రం దీనికి అంగీకరిస్తుందా అని ఎవరైనా అడగవచ్చు. అన్నదాతను తలచుకొన్నందుకు ఆక్షేపించే శాస్త్రం మనకు లేదు. కృతజ్ఞతకు మించిన ధర్మం మరేముంది?

ఒక విషయం మాత్రం మరువకండి. కాటన్ తన మతాన్ని విడిచి మనవాడు కాలేదు. మనం మన ధర్మాన్ని విడిచి ఆయనను అంగీకరించలేదు. ఆయన తన దేవునికి నమ్మకంగా ఉంటూనే మన రైతుకు నమ్మకంగా ఉన్నారు. మనం మన గోదారమ్మకు మొక్కుతూనే ఆయన పేరు కలుపుకొన్నాం. రెండు భక్తుల మధ్య నమ్మకం కుదరడానికి ఎవరూ ఎవరినీ మార్చనక్కరలేదని ఈ నది సాక్ష్యం చెబుతోంది.

ఇప్పుడు మీ ఇంటి వైపు చూసుకోండి. మాట పట్టింపుతో దూరమైన తోబుట్టువు ఉండవచ్చు. ఒకనాడు మోసపోయి అందరినీ అనుమానించే బంధువు ఉండవచ్చు. కులం వేరనో, మతం వేరనో మనం గుమ్మం దాటి పలకరించని పొరుగింటివారు ఉండవచ్చు. వారి నమ్మకాన్ని మాటలతో కొనలేం. వారికి కష్టం వచ్చిన నాడు పిలవకుండానే వెళ్ళండి. చెప్పడానికి ముందు వారి శిథిలాలను చూడండి. వారి నుండి నేర్చుకోవలసింది ఉంటే నేర్చుకోండి. ఇచ్చిన చిన్న మాటను కూడా నిలబెట్టుకోండి. వారు అనుమానిస్తే నొచ్చుకోకండి. ఒకసారి విఫలమైతే ఓర్పుతో తిరిగి వెళ్ళండి.

ఇసుక మీద కట్టడం నిలవదని అందరూ అనుకొంటారు. కాని దిగబడిన రాయి మీద మరొక రాయి వేస్తూ పోతే ఆ ఇసుకే పునాదిని పట్టి నిలుపుతుంది. గాయపడిన మనసు కూడా అటువంటిదే. మొదట మీరు చేసిన మేలు దిగబడిపోయినట్లు, కనబడకుండా పోయినట్లు అనిపిస్తుంది. ఆపకండి. ఈసారి గోదావరికి వెళ్ళి దోసిట నీళ్ళు పట్టుకొన్నప్పుడు గౌతమునితోపాటు, భగీరథునితోపాటు ఆ దొరనూ, ఆయన వెంట నిలిచిన వీరన్ననూ, రాళ్ళు మోసిన పేరు తెలియని వేలమంది కూలీలనూ ఒక్కసారి తలచుకోండి. ఆ తలంపే మీ స్నానఫలాన్ని రెట్టింపు చేస్తుంది.